వదిన పేరు లేని ఫారం

మధ్యాహ్నం మా పొడుల వ్యాపారానికి కరెంట్ అకౌంట్ ఫారంలో ప్రొప్రైటర్, అంటే యజమాని, అన్నచోట నా పేరు ఒక్కటే రాశాను. పక్కనే కూచుని కరివేపాకు దూస్తున్న వదిన చూసింది. "నీ పేరే ఉండనీలే, ఎవరిదైతేనేం" అంది. పదకొండున్నరయింది, ఆ 'ఎవరిదైతేనేం' చెవిలోంచి పోవట్లేదు.

పొడులన్నీ తన చేతివే. నావి ఫొటోలు, పార్సిళ్లు, కస్టమర్లతో గొడవలూను.

పొద్దున ఆడిటర్ దగ్గర చిరాకు వేరే. ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత పూచీ ఉండే భాగస్వామ్య సంస్థ, అనగానే నవ్వాడు. "పొడులమ్ముకోడానికి అంత అవసరమా మేడమ్? సార్‌ని ఒకసారి మాట్లాడమనండి." మా సార్‌కి కందిపొడికీ నువ్వులపొడికీ తేడా తెలీదు! ఫీజు మాత్రం నాతోనే ఫోన్‌పే చేయించుకున్నాడు. పైగా, "ఇద్దరూ పార్ట్‌నర్‌షిప్ రాసేసుకోండి, స్టాంప్ పేపర్ మీద అయిపోతుంది" అని ఉచిత సలహా.

ఆ మాటకి తెనాలి గుర్తొచ్చింది. నాన్నా, ఆయన స్నేహితుడూ కలిసి పెట్టిన స్టీలు సామాన్ల కొట్టు. ఆ స్నేహితుడు విజయవాడ నుంచి అరువు మీద సరుకు తెచ్చి, ఓ రోజు మాయమయ్యాడు. బాకీ తాలూకు మనిషి రోజూ మా అరుగు మీద కూచునేవాడు. అరిచేవాడు కాదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి, మళ్లీ కూచునేవాడు. నేను పెరటి దారిన బడికి పోయేదాన్ని. "సంతకం నాది కాదండీ" అని నాన్న అంటే, "కొట్టు ఇద్దరిదీ కదండీ" అనేవాడు. 1932 నాటి చట్టమూ అదే అంటుంది: కొట్టు కోసం ఎవరు అప్పు చేసినా మొత్తానికి ఇద్దరూ పూచీ. స్థలం అమ్మి తీర్చాం.

అందుకే వదినతో పార్ట్‌నర్‌షిప్ వద్దనుకున్నా. అయినా వదిన ఎక్కడికి మాయమవుతుంది? నాన్న స్నేహితుడితో పోల్చినందుకు సిగ్గేసింది.

ఎల్‌ఎల్‌పీ అయితే ఎవరి పూచీ వాళ్ల పెట్టుబడి వరకే. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటకపోతే ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ కూడా అక్కర్లేదు, ఆ ఆడిటర్ నవ్వు తప్పుతుంది. లాభంలో మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను అని చదివి మళ్లీ వెనక్కి తగ్గాను. తీరా చూస్తే, పనిచేసే భాగస్తుల జీతం కొంత పరిమితి వరకు లాభంలోంచి తీసేయొచ్చు. ముందు నా పేరుతో మొదలెట్టి తర్వాత మారుద్దామా అంటే, పాన్ మారుతుంది, దాంతో జీఎస్టీ నంబరూ కొత్తదే తీసుకోవాలి.

ఫారం చింపేశాను. వదిన గదిలో లైటింకా వెలుగుతోంది. వెళ్లి పాన్ కార్డు అడగాలి. అసలు తనకి పాన్ కార్డు ఉందో లేదో నాకు తెలీదు.