ప్యాచ్ వేశాక కూడా ఆగని దాడులు: బ్యానర్ మార్చిన నా అనుభవం

2019 జూన్‌లో ఎగ్జిమ్ మెయిల్ సర్వర్‌లో పెద్ద లోపం బయటపడింది. 4.87 నుంచి 4.91 దాకా ఉన్న వెర్షన్లకు, మెయిల్ చేరాల్సిన అడ్రస్‌లోనే కమాండ్ ఇరికించి పంపితే సర్వర్ దాన్ని రూట్ హక్కులతో, అంటే పూర్తి అధికారంతో, నడిపేసే ప్రమాదం. కర్నూలులో నేను చూసుకునే విత్తనాల కంపెనీ సర్వర్‌లో ఉన్నది డెబియన్ 9 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), ఎగ్జిమ్ 4.89. ఆ లోపాన్ని సరిచేసే డెబియన్ ప్యాచ్ రాగానే వేసేశాం.

అయినా లాగ్‌లో, అంటే సర్వర్ రాసిపెట్టుకునే చిట్టాలో, ఆ లోపం మీద దాడి ప్రయత్నాలే. అడ్రస్ ఉండాల్సిన చోట 'రూట్', ప్లస్ గుర్తు, డాలర్ గుర్తు, కర్లీ బ్రాకెట్‌లో 'రన్', ఆ వెనకే కమాండ్. "ప్యాచ్ వేసినాం కదన్నా, ఇంకా ఎందుకు వస్తాండారు?" అని మా కుర్రాడికి ఒకటే టెన్షన్.

టెల్‌నెట్ అనే టూల్‌తో, మెయిల్ వచ్చే 25వ పోర్టుకు కనెక్ట్ అయి చూపించాను. మనం ఏమీ అడక్కముందే సర్వర్ తన పలకరింపు లైన్, అంటే బ్యానర్, చెప్పేస్తుంది: 220, సర్వర్ పేరు, ఈఎస్ఎంటీపీ, ఎగ్జిమ్ 4.89, తేదీ, టైము. డెబియన్ స్టేబుల్‌లో లోపం సరిచేసేటప్పుడు మామూలుగా వెర్షన్ మార్చరు, పాతదానికే మరమ్మతు చేస్తారు. మన సర్వర్ బాగైనా బ్యానర్‌లో మాత్రం అదే 4.89. వెర్షన్ చూసి వల వేసేవాళ్లకు మనం ఇంకా దొరికే చేపే.

కాన్ఫిగ్‌లో 'ఎస్ఎంటీపీ బ్యానర్' సెట్టింగ్‌లో సర్వర్ పేరు, ఈఎస్ఎంటీపీ అన్న మాట ఉంచి మిగతాది తీసేశాను. పేరు తీయకూడదు, ప్రోటోకాల్ ప్రకారం అది ఉండాలి. రీస్టార్ట్ చేస్తే పని అయిపోయిందనుకోవద్దు. మనం పంపే ప్రతి మెయిల్ హెడర్‌లో, 'రిసీవ్డ్' లైన్‌లో కూడా ఎగ్జిమ్ 4.89 అని ఉంటుంది. దాని టెక్స్ట్ విడిగా మార్చాలి.

ఇదంతా దండగ, దాచినంత మాత్రాన భద్రత రాదు అనేవాళ్లున్నారు. తెలిసినవాడు ఈహెచ్ఎల్ఓకు (కనెక్ట్ అయ్యాక సర్వర్‌కు పంపే మొదటి పలకరింపు కమాండ్‌కు) వచ్చే జవాబులు, ఎర్రర్ మెసేజ్‌ల తీరు చూసి ఏ సాఫ్ట్‌వేరో పట్టేస్తాడు, నిజమే. ప్యాచ్ వేయకుండా పేరు దాచి కూర్చోవడం నేనూ ఒప్పుకోను. కానీ అడక్కుండానే వెర్షన్ నంబర్ చెప్పడం దేనికి? మా లాగ్‌లో ఆ ప్రయత్నాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. బ్యానర్ చదవకుండానే గుడ్డిగా కొట్టే బాట్లు (వాటంతట అవే దాడి చేసే ప్రోగ్రాములు) కొన్ని ఉంటాయి.

తర్వాత డెబియన్ 10కు మారేటప్పుడు, కాన్ఫిగ్ ఫైల్ కొత్తది పెట్టాలా, మీదే ఉంచాలా అని అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ అడిగింది. మాది ఉంచి, కొత్త మార్పులు చేత్తో కలిపి, మళ్లీ 25వ పోర్టుకు వెళ్లి మొదటి లైన్ చూసుకున్నాం.