పీఎస్/2 బెంచీ మీదికి వస్తే

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ పీసీల మీద చేయి తిరిగి, అమెరికాలో పాత కంప్యూటర్లు బాగుచేసే వర్క్‌షాపుల్లో చేరే మనవాళ్ళకు ఐబీఎం పీఎస్/2 అనే పాత పీసీల వరుస కొరకరాని కొయ్యే. అక్కడ నేర్చిన పద్ధతిలో ఏ కార్డయినా ఏ బోర్డులోనైనా దిగేది. ఇందులో దిగదు. 1987 ఏప్రిల్‌లో వచ్చిన 50, 60, 80 మోడళ్ళకు ఐబీఎం మైక్రో ఛానెల్ అనే సొంత బస్ (కార్డులను బోర్డుకు కలిపే దారి) పెట్టింది.

ఇంజనీరింగ్ పరంగా అది మంచి బస్సే. చేత్తో మార్చే జంపర్ పిన్నులు లేవు, రెండు కార్డులు ఒకే ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్ లైను) పంచుకోగలవు. కొంప ముంచింది లైసెన్సు షరతులు. ఇతర కంపెనీలను రాయల్టీ అడిగారు, అప్పటికే అమ్మేసిన పాత పీసీల మీద కూడా అడిగారు. 1988 సెప్టెంబరులో కాంపాక్‌తో కలిసి మొత్తం 9 కంపెనీలు ఈసా (EISA) అనే పోటీ బస్ ప్రకటించాయి. అందులో పాత కార్డులూ పనిచేస్తాయి. పీఎస్/2తో వచ్చి అందరూ నకలు చేయగలిగిన వీజీఏ డిస్‌ప్లే, 6 పిన్నుల కీబోర్డు సాకెట్ మాత్రం ఏళ్ళ తరబడి నిలిచాయి.

ఇక పని. స్క్రీన్ మీద 161 అనే ఎర్రర్ కోడ్ వస్తే తప్పు బ్యాటరీది, 163 అయితే తేదీ, టైము, 165 అయితే కార్డుల కాన్ఫిగరేషన్. పాత బ్యాటరీ మీద వోల్టేజి చదివి అదే వేయండి. చాలా మోడళ్ళలో అది 6 వోల్టుల లిథియం, 3 వోల్టుల కాయిన్ సెల్ కుదరదు.

బ్యాటరీ మార్చినా సెటప్ చేయాలంటే ఆ మోడల్‌కు తగిన రిఫరెన్స్ డిస్క్ అనే సెటప్ ఫ్లాపీ ఉండాలి. ప్రతి కార్డుకూ నాలుగు హెక్స్ అంకెల (0-9, A-F) ఐడీ ఉంటుంది. ఆ ఐడీ పేరుతో ఉన్న ఏడీఎఫ్ ఫైలు (కార్డు వివరాలు చెప్పేది) ఆ ఫ్లాపీలో లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే. ఒరిజినల్‌కు కాపీ తీసి, ఆ కాపీలోకే ఏడీఎఫ్ చేర్చి, ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ నడపండి.

ఎక్కువసార్లు పని ఆగిపోయేది ఫ్లాపీ డ్రైవ్ దగ్గరే. డ్రైవ్ బోర్డు మీది చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారి రాగి ట్రాకులను తినేస్తాయి. మామూలు డ్రైవ్ పెడదామంటే దానిది 34 పిన్నులు, పవర్ వేరే. చాలా పీఎస్/2 డ్రైవ్‌లది 40 పిన్నులు, పవర్ కూడా అదే కేబుల్‌లో వస్తుంది. అడాప్టర్ దొరక్కపోతే ఉన్నదాన్నే బాగుచేయాలి. కెపాసిటర్లను పట్టుకారుతో మెలితిప్పి పీకొద్దు, కింద ఉన్న రాగి ప్యాడ్ లేచిపోతుంది. వేడి చేసి తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, తెగిన ట్రాకులను మల్టీమీటర్‌తో పట్టి, సన్నతీగతో అతికించండి. కొత్తవి అదే మైక్రోఫ్యారడ్, అంతకు తగ్గని వోల్టేజి. ప్లస్, మైనస్ చూసి వేయండి.

ఇంకొకటి: చాలా పీఎస్/2 డ్రైవులు డిస్క్ మూల ఉన్న హై డెన్సిటీ రంధ్రాన్ని గమనించవు. 720 కేబీ డిస్క్‌నూ 1.44 ఎంబీగా ఫార్మాట్ చేసేస్తాయి, ఆ తర్వాత అది వేరే పీసీలో చదవదు. డిస్క్ రకం మీరే చూసుకుని, ఫార్మాట్ సైజు మీరే చెప్పండి.