అరిష్టం వాడుతూ డిపోలో మిషన్ ఊదడం: నా అనుభవం

నడుం నొప్పికి దశమూలారిష్టం అనే ఆయుర్వేద మందు, జలుబుకి హోమియో చుక్కలు. రెండూ వాడుతూనే బస్సు డ్యూటీ చేస్తున్నాను. బండి తీసేముందు, మద్యం తాగామో లేదో చూసే బ్రీత్ అనలైజర్ మిషన్‌లో ఊదాలి, రీడింగ్ సున్నా రావాలి. మందు మానకుండా ఇది ఎలా కుదురుతుందో చెబుతాను.

అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. బెల్లం, ధాతకీ పువ్వులు వేసి మూసిపెడితే ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. సీసా మీద ‘సెల్ఫ్ జనరేటెడ్ ఆల్కహాల్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మామూలుగా 5 నుంచి 12 శాతం. హోమియో చుక్కల మందుల్లో చాలావాటికి ఆధారమే ఘాటైన స్పిరిట్. కొన్ని దగ్గు సిరప్‌లలో, మౌత్‌వాష్‌లలో కూడా ఉంటుంది. కొనేటప్పుడే లేబుల్ చూసి, ఆల్కహాల్ లేని రకం అడిగితే సగం తలనొప్పి పోతుంది.

లెక్క చూడండి. 10 శాతం అరిష్టం 30 మి.లీ. తాగితే లోపలికి వెళ్లేది 3 మి.లీ., అంటే సుమారు 2.4 గ్రాముల ఆల్కహాల్. 60 కిలోల మగమనిషికి 100 మి.లీ. రక్తంలో 6 మి.గ్రా. అటూ ఇటూ. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ హద్దు 30 మి.గ్రా. ఆ కాస్త ఆల్కహాల్ గంటలోపే కరిగిపోతుంది.

మరి మిషన్ ఎందుకు అరుస్తుంది? నోటి తడిలో మిగిలిన ఆల్కహాల్ వల్ల. 2100 మి.లీ. ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉంటే 1 మి.లీ. రక్తంలో అంత ఉన్నట్టు మిషన్ లెక్కగడుతుంది. చెంపల్లోంచి వచ్చిన ఆవిరి రక్తంలోంచి వచ్చిందో కాదో దానికి తెలియదు. అందుకే నాలుక మీద వేసుకున్న పది చుక్కలు అప్పటికప్పుడు గుక్కెడు అరిష్టం కన్నా ఎక్కువ చూపించగలవు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ ఆవిరి పోతుంది. లవంగం, సోంపు, పుదీనా బిళ్ల నమిలితే పోయేది వాసనే, రీడింగ్ తగ్గదు.

అందుకని డాక్టర్‌ని అడిగి అరిష్టం వేళలు మార్చుకున్నాను: ఒక మోతాదు డ్యూటీ దిగి తిన్నాక, ఇంకోటి రాత్రి భోజనం తర్వాత, సమానంగా నీళ్లు కలిపి. చుక్కలు కూడా పొద్దున వేసుకోను, మిగతా వేళల్లో పావు గ్లాసు నీళ్లలో వేసుకుంటాను. శానిటైజర్ రాసుకుంటే చేతులు పూర్తిగా ఆరాకే మిషన్ దగ్గరికి వెళ్లాలి. పనస తొనలు కూడా డ్యూటీ అయ్యాకే. 2025లో కేరళలోని పందళం డిపోలో బాగా మగ్గిన పనస తిన్న డ్రైవర్లకు పాజిటివ్ వచ్చింది. మద్యం తాగని మనిషికి అదే పండు పెట్టి ఊదిస్తే అతనికీ అంతే.

అయినా రీడింగ్ వస్తే గొడవపడొద్దు, ఊదనని మొండికేయొద్దు. వాడుతున్న మందు పేరు, వేసుకున్న టైము రాయించండి. నీళ్లతో బాగా పుక్కిలించి, ఇరవై నిమిషాలు ఏమీ తినకుండా కూర్చోండి. ఆ తర్వాత కొత్త గొట్టం పెట్టించి, ఊదకముందు మిషన్ సున్నా చూపిస్తోందో లేదో చూసి, రెండోసారి ఊదండి. రెండు స్లిప్పులూ తీసుకోండి. మొదట 40 వచ్చి తర్వాత సున్నాకి పడితే అది నోటిదే. రెండోసారీ 35, 38 దగ్గరే నిలిస్తే అరిష్టం మీదకి తోయకండి, 30 మి.లీ. మందు అంత చూపించదు.

అప్పటికీ ఒప్పుకోకపోతే రక్త పరీక్ష అడగాలి, ఆలస్యం చేయకుండా. సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవనివ్వకండి, ఆల్కహాల్ లేనిదే వాడమనండి. రక్తం సోడియం ఫ్లోరైడ్ ఉండే బూడిద రంగు మూత గొట్టంలోకే తీయాలి. లేకపోతే శాంపిల్ నిల్వలో పులిసి అందులోనే ఆల్కహాల్ పుట్టొచ్చు.