తోతాపురి తాండ్రతో చిన్న వ్యాపారం: ముందు పది కిలోలు

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడికి కొదవ లేదు. మామిడి తాండ్ర వ్యాపారం మొదలెట్టాలంటే మిషన్లు తర్వాత, ముందు పది కిలోల కాయలు పట్టండి. తొక్కా టెంకా పోను గుజ్జు సుమారు 5 కిలోలు వస్తుంది. కిలో చక్కెర కలిపి, స్టీలు గిన్నెలోనే ఉడికించండి. ఇనుప బాణలి అయితే తాండ్ర నల్లబడుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో 3 మిల్లీమీటర్లకు మించకుండా పోసి, అది ఆరాకే రెండో పొర వెయ్యాలి. తొందరపడి మందంగా పోస్తే పైన ఎండినట్టే ఉంటుంది, లోపల తడికి బూజు పడుతుంది. వేడి తగ్గకుండా కవర్లో పెట్టినా అంతే, లోపల చెమ్మ పడుతుంది.

చివరికి దాదాపు 2 కిలోలు, అంటే 100 గ్రాముల పాకెట్లు 20. కాయలు కిలో 15 రూపాయలు, చక్కెర 45 అనుకుంటే పాకెట్‌కు ముడిసరుకే పది రూపాయల దాకా అవుతుంది. కవరు, లేబుల్, గ్యాసు, కూలి వేరే. ఇంట్లోవాళ్ల కూలి లెక్కలో రాయనివాళ్లే ఎక్కువ. అక్కడే ధర తప్పుతుంది. అంగడివాళ్ల కమీషన్ కూడా ముందే కలపండి.

కొన్ని పాకెట్లు అమ్మకుండా పక్కన పెట్టి, వారానికొకటి విప్పి చూడండి. ‘ఎన్నాళ్లు నిలవుంటుంది’ అన్నది అలాగే తేలాలి, పక్కవాళ్ల లేబుల్ చూసి కాదు.

అమ్మకానికి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఏజెంటుకు డబ్బులెందుకు? చెన్నైకో బెంగళూరుకో, అంటే వేరే రాష్ట్రానికి, మీరే బిల్లు రాసి పంపాలంటే మాత్రం అమ్మకం చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.