విడిపోవడానికి వాళ్లకు కారణం ఉండాలి

రొమాన్స్ నవల చదివేటప్పుడు నాకు భయం వేసే చోటు ఒకటుంది. ఈ-రీడర్‌లో అడుగున ఎంత శాతం చదివామో కనిపిస్తుంది కదా, ఆ అంకె 75 దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకుని ఉంటారు, ఒకరి పక్కన ఒకరు నిశ్చింతగా నిద్రపోతుంటారు, కానీ పుస్తకం ఇంకా పావు వంతు మిగిలే ఉంటుంది. అంటే ఇప్పుడు ఏదో ఒకటి జరగాలి. అతను ఫోన్‌లో మాట్లాడేది ఆమె సగమే వినాలి, లేదా అతని పాత ప్రేయసి గుమ్మంలో నిలబడాలి, లేదా "నేను నీకు తగినవాణ్ని కాను" అని అతను ఒక్కడే నిర్ణయం తీసేసుకుని, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా బ్యాగ్ సర్దుకోవాలి. తర్వాత రెండు మూడు అధ్యాయాలు ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు ఏడుస్తారు, స్నేహితురాలు వచ్చి నాలుగు మంచి మాటలు చెబుతుంది, ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ వెళ్లి నలుగురి ముందు క్షమించమని అడుగుతారు. దీనికి థర్డ్ యాక్ట్ బ్రేకప్ అని పేరు కూడా ఉంది.

ఈ మధ్య వరసగా ఐదు నవలలు చదివితే నాలుగింట్లో ఇదే. అందులో మూడింట్లో ఎంత వెతికినా ఆ విడిపోవడానికి కారణం ఆ మనుషుల్లో దొరకలేదు. పుస్తకానికి ఒక గొడవ కావాలి కాబట్టి గొడవపడ్డారు, అంతే.

ముందే చెబుతున్నాను, నాకు ఈ నవలలంటే ప్రాణం. వీటిని చదవకుండానే తీసిపారేసేవాళ్ల మాటలతో నా మాట కలపొద్దు. "చివరికి కలుస్తారని ముందే తెలుసు కదా, ఇంక చదవడం ఎందుకు" అని చాలామంది అడుగుతారు. అవును, తెలుసు. 1980లో మొదలైన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం రొమాన్స్ నవలకు చెప్పిన లక్షణాలు రెండే: కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. నా దృష్టిలో ఆ రెండోది రచయిత నాకిచ్చే మాట. ఆ మాట ఉంది కాబట్టే మధ్యలో ఆమె నన్ను ఎంత చీకట్లోకి తీసుకెళ్లినా వెంట నడుస్తాను. భర్త పోయిన మనిషి మళ్లీ ఒకరిని ఇష్టపడటానికి తనను తానే క్షమించుకోలేకపోవడం, ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో ఉన్నవాళ్లు "నన్ను ఎవరు భరిస్తారు" అనుకోవడం, ఇలాంటివి నేను ఎక్కువగా చదివింది రొమాన్స్ నవలల్లోనే. చివరికి నన్ను మళ్లీ వెలుగులోకి తెస్తుందన్న నమ్మకం లేకపోతే అందులో కొన్ని నేను సగంలోనే మూసేసేదాన్ని.

ట్రోప్‌ల మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. పదే పదే వచ్చే కథా పరిస్థితులు అన్నమాట: ఉత్తుత్తి ప్రేమ, ఒకే మంచం, శత్రువులు ప్రేమికులవడం, ఒకసారి విడిపోయినవాళ్లు మళ్లీ ఎదురుపడటం. ఇవి నిన్న పుట్టినవి కావు. బ్రిటన్ ప్రచురణ సంస్థ మిల్స్ అండ్ బూన్ 1908లో మొదలైంది, హార్లెక్విన్ అనే ఇంకో సంస్థ 1949లో కెనడాలో మొదలై 1971లో దాన్ని కొనేసింది, అప్పటి నుంచి నెలనెలా సిరీస్‌లుగా వచ్చే ఆ చిన్న పుస్తకాలను బతికించిందే ఈ పరిస్థితులు. వాటిలో చాలా సిరీస్‌లకు నిడివి 50 వేల పదాలకు అటూ ఇటూ. అంత చిన్న చోట ఇద్దరు కొత్త మనుషుల్ని పరిచయం చేసి, ప్రేమలో పడేసి, దాన్ని నన్ను నమ్మించాలంటే మొదటి అధ్యాయంలోనే వాళ్లను తప్పించుకోలేని చోట నిలబెట్టాలి. ట్రోప్ చేసే పని అదే. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తలుపు వేయడం. లోపల ఏం జరుగుతుందన్నది ఆ ఇద్దరూ ఎవరన్న దాని మీద ఆధారపడాలి, నేను అడిగేది అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఉత్తుత్తి ప్రేమ, అదే ఫేక్ డేటింగ్. ఏదో అవసరం కోసం ఇద్దరూ ప్రేమికుల్లా నటిస్తుంటారు. నలుగురిలో అతన్ని ఎవరో అడుగుతారు, ఈమెలో నీకు ఏం నచ్చిందని. అతను చెబుతాడు, మాట పూర్తయ్యాక ఏం మాట్లాడాలో తెలియక ఊరుకుంటాడు, ఎందుకంటే చెప్పినదంతా నిజమే. ఆమెకు అది నటనో కాదో తెలియదు, అడిగే హక్కు కూడా లేదు, ఎందుకంటే ఒప్పందమే నటించడం. అబద్ధం చాటున తప్ప నిజం చెప్పలేని మనుషులుంటారు, వాళ్ల కోసమే పుట్టిన పరిస్థితి ఇది. బాగా రాస్తే గుండె పట్టేస్తుంది. అదే కథలో ఆ నటన ఎవరికోసమో, బయటపడితే ఏం పోతుందో రచయితే మర్చిపోతే మాత్రం, ఎన్ని ముద్దు సీన్లు రాసినా నాకేమీ అనిపించదు. మొదట్లో కూర్చుని రాసుకున్న రూల్స్ ఉంటాయి కదా, అందులో ఒక్కటైనా తర్వాత బాధపెట్టాలి. చాలా పుస్తకాల్లో వాటి ఊసే ఉండదు.

ఒకే మంచం కూడా అంతే. ఇద్దరికీ కలిపి ఒక్క మంచమే దొరికే పరిస్థితి పాతదే, ఆ పేరు మాత్రం ఫ్యాన్ ఫిక్షన్ సైట్లలో, అంటే అభిమానులు తమకిష్టమైన పాత్రలతో కథలు రాసుకునే చోట, ట్యాగ్‌గా బాగా వాడుకలోకి వచ్చి ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. అందులో నాకు కావలసింది మెలకువ. పక్క మనిషి ఊపిరి వింటూ, చేయి తగలకుండా ఒళ్లు బిగబట్టుకుని పడుకున్న ఆ రెండు గంటలు. రెండు పేజీల్లో దాన్ని దాటేసే తొందర ఎందుకో నాకు అర్థం కాదు. శృంగారం ఉంటే నాకు అభ్యంతరం లేదు, చక్కగా రాస్తే సంతోషమే, కానీ స్లో బర్న్, అంటే మెల్లగా రాజుకునే ప్రేమ, అని చెప్పి మూడో అధ్యాయానికే అన్నీ అయిపోతే మోసపోయినట్టు ఉంటుంది.

శత్రువులు ప్రేమికులయ్యే కథల దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. ఈ మధ్య వస్తున్న వాటిలో శత్రుత్వమే లేదు. ఇద్దరు ఒకరి మీద ఒకరు చతుర్లు విసురుకుంటారు, దానికి శత్రుత్వం అని పేరు. ఒకే ఆఫీసులో ఒకే ప్రమోషన్ కోసం పోటీ పడుతున్న ఇద్దరిని తీసుకోండి, ఎంత బలమైన పరిస్థితి అది. ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడాలి. ఓడినవాళ్లు ఇంటికొచ్చి గెలిచినవాళ్ల పక్కన ఎలా కూర్చుంటారు? గెలిచినవాళ్లు సంతోషపడాలా, దాచుకోవాలా? నాకు ఆ రాత్రి గురించి చదవాలని ఉంటుంది. కానీ సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఒకరికి ఇంకో కంపెనీ నుంచి ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చేస్తుంది, సమస్య మాయం. మూడు వందల పేజీలు ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసం, జవాబు చెప్పకుండానే పుస్తకం అయిపోతుంది.

చిరాకు హీరో, నవ్వుల హీరోయిన్ జంట గురించి ఒక్క మాట: ఆమె ఎందుకు ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందో ఒక్కసారైనా అతను అడగాలి. అడిగిన పుస్తకాలన్నీ నాకు నచ్చాయి.

2020 తర్వాత బుక్‌టాక్ వీడియోలు, అంటే టిక్‌టాక్‌లో పాఠకులు పుస్తకాల గురించి పెట్టే వీడియోలు, జోరందుకున్నాక ట్రోప్ పేర్లు అమ్మకానికి వాడే మాటలయ్యాయి. మధ్యలో పుస్తకం అట్ట, చుట్టూ బాణం గుర్తులు, ఒక్కో బాణానికి ఒక్కో ట్రోప్. దీనివల్ల నాకు మేలే జరిగింది, లేకపోతే దొరకని పుస్తకాలు దొరికాయి, చదివి మాట్లాడుకునే మనుషులు దొరికారు. కానీ కొన్ని నవలలు చదువుతుంటే ఆ బాణాలే ముందు పుట్టి, మనుషులు తర్వాత పుట్టారేమో అనిపిస్తుంది. తుఫాను వస్తుంది, హోటల్లో ఒకే గది ఉంటుంది, తెల్లారితే ఆమెకు జ్వరం, అతను సేవ చేస్తాడు, సాయంత్రానికి ఇంకెవరో ఆమెతో నవ్వుతూ మాట్లాడితే అతనికి అసూయ. ఒకదానివల్ల ఇంకొకటి జరగదు, ఒకదాని తర్వాత ఇంకొకటి వస్తుందంతే. ఆ అసూయ గురించి కూడా చెప్పాలి. ఆమె ఫోన్ తీసి చూడటం, ఎవరితో మాట్లాడాలో తను నిర్ణయించడం, ఇవి ప్రేమకు గుర్తులుగా రాస్తే నేను పుస్తకం అక్కడే ఆపేస్తాను. అది తప్పని కథకు తెలిసి ఉంటే చదువుతాను. కథకే తెలియకపోతే కష్టం.

ఇక విడిపోవడం దగ్గరికి వస్తాను. 2003లో పమేలా రెగిస్ అనే సాహిత్య అధ్యాపకురాలు రొమాన్స్ నవల మీద ఒక పుస్తకం రాసి, ఈ కథల్లో ఉండే ఎనిమిది అంశాలను గుర్తించింది. అందులో ఒకదాన్ని పాయింట్ ఆఫ్ రిచువల్ డెత్ అంది, అంటే ఈ ప్రేమ ఇక చచ్చిపోయినట్టే అనిపించే ఘట్టం. కాబట్టి ఆ ఘట్టం ఉండాలన్న దానితో నాకు పేచీ లేదు. అయితే ఆ ఎనిమిదీ ఒకే వరసలో రానక్కర్లేదని కూడా ఆమే చెప్పింది. మరి మనకెందుకు ప్రతి పుస్తకంలోనూ 80 శాతం దగ్గరే వస్తోంది?

1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ చూడండి, రెగిస్ కూడా దాన్నే ఉదాహరణగా తీసుకుంది. మొత్తం 61 అధ్యాయాలు. హీరో డార్సీ మొదటిసారి పెళ్లి చేసుకోమని అడిగేది, హీరోయిన్ ఎలిజబెత్ అతన్ని మాటలతో చీల్చి చెండాడేది 34వ అధ్యాయంలో. అంటే పుస్తకం సగం దాటి కొంచెం. రెండోసారి అడిగేది 58లో. ఈ మధ్యలో ఉన్న చోటంతా దేనికి? ఇద్దరూ మారడానికి. ఆమె అతని ఉత్తరం చదివి, మళ్లీ చదివి, తన తీర్పు తప్పని ఒప్పుకోవడానికి. అతను ఆమె అన్న మాటను నెలల తరబడి మోయడానికి. ఎలిజబెత్ చెల్లెలు లిడియా లేచిపోయినప్పుడు అంతా అయిపోయిందనిపించే ఘట్టం ఇంకోటి వస్తుంది నిజమే, కానీ అందులో వాళ్లిద్దరూ ఒకరినొకరు అపార్థం చేసుకుని తలుపులు వేసుకోరు, అతను మారాడా లేదా అన్నది తేలేది అక్కడే. ఇప్పటి నవలల్లో గొడవకీ కలయికకీ మధ్య ముప్పై పేజీలు కూడా ఉండవు. ముప్పై పేజీల్లో మనిషి ఏం మారతాడు? క్షమాపణ చెప్పగలడు, అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు చాలా నవలలు ఒక అధ్యాయం ఆమె మాటల్లో, ఒక అధ్యాయం అతని మాటల్లో నడుస్తాయి. నాకు ఈ పద్ధతి ఇష్టమే. కానీ ఇద్దరి మనసులూ నాకు తెలిసిపోయాక, ఒకరి మనసు ఒకరికి తెలియకపోవడం మీద గొడవ కట్టడం కష్టం. అతను ఆమె కోసం ఎంత అల్లాడుతున్నాడో నేను ముందు పేజీలోనే చదివాను, ఇప్పుడు ఆమె "అతనికి నేనంటే లెక్కలేదు" అని ఏడిస్తే నాకు జాలి రాదు, ఎవరైనా ఆ ఫోన్ ఎత్తితే బాగుండు అనిపిస్తుంది. అలాంటి పుస్తకంలో గొడవ తెలియనితనం వల్ల రాకూడదు, తెలిసినదాని వల్ల రావాలి. అతనికి పిల్లలు కావాలి, ఆమెకు వద్దు. ఆమె తల్లిని చూసుకోవాలి, అతని పని వేరే దేశంలో. ఒకరి మనసు ఒకరికి పూర్తిగా తెలిసినా తీరని విషయాలు ఇవి.

మన భాషలో అలక అని ఒక మాటుంది. నాకు ఈ నవలలు చదివేటప్పుడు అది తరచూ గుర్తొస్తుంది. అలిగిన మనిషి ఎక్కడికీ వెళ్లదు. ముఖం అటు తిప్పుకుని అక్కడే ఉంటుంది, ఎదుటివాళ్లు వచ్చి బతిమాలతారన్న నమ్మకం ఉంది కాబట్టే అలుగుతుంది. ఎడబాటు వేరు, తెగతెంపులు వేరు, అలక వేరు. ప్రేమలో ఉన్నవాళ్ల మధ్య కోపానికి ఇన్ని రకాలున్నప్పుడు, నవలలో మాత్రం కోపం రాగానే సూట్‌కేస్ ఎందుకు బయటికి రావాలి?

పోయిన వారం చదివిన ఒక నవలలో సూట్‌కేస్ బయటికి రాలేదు. 79 శాతం దగ్గర ఇద్దరూ గొడవపడ్డారు, మామూలు గొడవ కాదు. అతను తన అప్పుల సంగతి ఆమె దగ్గర దాచాడు, ఎందుకు దాచాడో మనకు రెండో అధ్యాయం నుంచీ తెలుసు, అతని తండ్రి ఇంట్లో డబ్బు మాట ఎత్తితే ఏం జరిగేదో అక్కడే చెప్పారు. ఆమె కూడా అరిచింది, తర్వాత పశ్చాత్తాపపడే మాటలే అంది. నేను పేజీ తిప్పడానికి భయపడ్డాను. తిప్పితే, మర్నాడు పొద్దున అతనికి పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, మత్తు ఇస్తారు కాబట్టి కారు నడపకూడదు, ఆమె తీసుకెళ్తానని ఎప్పుడో ఒప్పుకుంది. తీసుకెళ్లింది. దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. బయట కుర్చీలో గంటన్నర కూర్చుంది, కోపంగానే కూర్చుంది, ఒకే పత్రికను రెండుసార్లు తిరగేసింది. అతను బయటికొచ్చాక నోరు తిమ్మిరిగా ఉండి మాట సరిగ్గా రావడం లేదు, అయినా మొత్తం అంకె ఎంతో చెప్పడానికి ప్రయత్నించాడు. ఆమెకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమంది. మందుల చీటీ వెనక రాసి చూపించాడు.