కొబ్బరిచెట్టు ఎక్కేవాడికీ కళ్ళు తిరుగుతాయి

రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్‌కు బయలుదేరే కుర్రాడిని ఊరంతా ఎన్నో అడుగుతుంది. జీతం ఎంత, వీసాకు ఎంత కట్టావు, భోజనం కంపెనీయే పెడుతుందా అని. ఎత్తు అంటే భయమా అని మాత్రం ఎవరూ అడగరు. మనం పుట్టి పెరిగింది బల్లపరుపు నేల మీద. గోదావరి పాయలు వశిష్ఠకూ వైనతేయకూ మధ్య ఎత్తు అంటే ఏటిగట్టు, కొబ్బరిచెట్టు, మహా అయితే అంతర్వేది లైట్‌హౌసు. అక్కడి నుంచి ఒక్కసారిగా ముప్పై అంతస్తుల మీద ఇనుప పలకల పైకి వెళ్ళి నిలబడాలి.

నేను అబుదాబీలో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టే భవనాల చుట్టూ పైపులు, పలకలతో పరంజా వేసే పని చేస్తాను. మా జట్టులోకి మామిడికుదురు దగ్గరి దింపు కార్మికుడు ఒకతను వచ్చాడు, వరసకు నాకు బావ. రోజంతా చెట్లెక్కి గెలలు కోసిన మనిషికి భయమేమిటని ఫోర్‌మన్ అతన్ని నేరుగా పైకి పంపాడు. పలక మీద రెండడుగులు వేసి బావ కూర్చుండిపోయాడు. నిలువు పైపును రెండు చేతులా కావలించుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పక్కనున్న వాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేను.

అతనిలో ధైర్యానికి కొదవ లేదు. చెట్టెక్కినప్పుడు మాను కళ్ళకు జానెడు దూరంలోనే ఉంటుంది, ఒంటికి తగులుతూ ఉంటుంది. పలక మీద నిలబడితే కళ్ళ ముందు ఏదీ ఉండదు. మనిషి కదలకుండా నిలబడినా ఒళ్ళు కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును కళ్ళు దగ్గరి వస్తువుల ఆధారంతో పసిగడతాయి. అన్నీ దూరంగా ఉంటే కళ్ళకు ఆ ఊపు అందదు. ఒంటి తూకాన్ని కనిపెట్టే లోచెవి, పాదాలు చెప్పేదానితో కళ్ళు చెప్పేది కలవదు. ఎత్తులో తల తిరగడానికి ఇదొక ముఖ్య కారణం. "కిందకు చూడకు" అన్న సలహా ఒక్కటే చాలదు. "బావా, ముందు నీ చేతిలోని పైపు చూడు, దాని మీద తుప్పు మరక చూడు" అన్నాను. ఊపిరి నిదానించాక మెల్లగా కిందకు దింపాము.

మర్నాటి నుంచి పరంజా కింది వైపు మొదటి వరుసలోనే పని. అక్కడ కాళ్ళ వణుకు తగ్గేదాకా పై వరుసకు పంపలేదు. భయపడే దానికి కొద్దికొద్దిగా దగ్గరవుతూ అలవాటు పడే ఈ పద్ధతిని జోసెఫ్ వోల్పి అనే మానసిక వైద్యుడు 1950లలోనే చికిత్సగా రూపొందించాడని తరువాత చదివాను. పనిస్థలంలో దానికి కావలసింది తొందరపెట్టని మేస్త్రి, అంతే. అదే దొరకదు.

ఇక పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు. దానికి రెండు తాళ్ళు, పైపుకు తగిలించే రెండు హుక్కులు ఉంటాయి. ఒకటి తగిలించాకే రెండోది విప్పాలి. బావకు భయం తగ్గింది మాటలతో కాదు, ఆ హుక్కు పడిన చప్పుడుతో. ప్రతిసారీ హుక్కు పట్టుకుని గట్టిగా గుంజి చూసేవాడు. అయితే బెల్టు ఉందిగదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. పడి కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. దించే ఏర్పాటు ఏమిటని పైకెక్కే ముందే అడగాలి, సిగ్గుపడకూడదు.

ఎండ దెబ్బకు వచ్చే తల తిరుగుడు వేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషేధం. ఆ వేళ దాటినా వేడి తగ్గదు. ఒళ్ళు తూలితే అది భయమని సరిపెట్టుకోకుండా వెంటనే దిగిపోవాలి.

బావ ఇప్పుడు పై అంతస్తుల్లో పని చేస్తున్నాడు. భయం పూర్తిగా పోలేదని తనే చెబుతాడు. నాతో వచ్చిన ఇంకో కుర్రాడికి మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అడిగి స్టోరులోకి మారాడు. ఇంటికి కాస్త తక్కువ డబ్బు పంపుతాడు, ఊళ్ళో వాళ్ళు అతన్ని పిరికివాడంటారు. వాళ్ళ అమ్మగారి ముందు ఆ మాట అన్నవాళ్ళతో ఈ సెలవుల్లో నేను గొడవే పెట్టుకున్నాను.