శాలిహుండం దాకా చాలు

చేతిలో డబ్బు ఆడక ఈసారి దూరప్రయాణం మానుకుని, శ్రీకాకుళం నుంచి ఇంటిల్లిపాదీ శాలిహుండం వెళ్లాం. కింద వంశధార, కొండమీద ఇటుకల బౌద్ధ స్తూపాలు. చెట్టు కింద పులిహోర పొట్లం విప్పిన నాన్నగారు, ఏ ఖరీదైన హోటల్లోనూ అంత తీరిగ్గా తినలేదు. 2009 మాంద్యంలో ప్రపంచమంతటా విదేశీ పర్యాటకుల రాక సుమారు 4 శాతం తగ్గినా, చాలామంది తిరగడం మానక దగ్గరి చోట్లనే ఎంచుకున్నారు. దీర్ఘకాలంలో దేశ ఆదాయం పెరిగినా దానితో పాటు ప్రజల సంతోషం పెరగదని ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ 1974లో వాదించారు. దానిపై వివాదం నేటికీ తెగలేదు. నా మట్టుకు సగమే ఒప్పుకుంటాను. నెలాఖరున అప్పు వాయిదా కట్టవలసినవాడితో డబ్బుకూ మనశ్శాంతికీ సంబంధం లేదనడం (అలా అనేవారు సాధారణంగా ఉన్నవారే) అన్యాయం. అయితే వాయిదాలు తీరాక చేరే ప్రతి రూపాయీ అంతే నెమ్మదినిస్తుందంటే మాత్రం నేను నమ్మను.